చెక్‌పోస్టు మరదలు

సర్వీసు డెస్కు, గాజు తలుపు పక్క బల్ల
సోమవారం

హెడ్డాఫీసులో చల్లగా కూర్చున్న మరదలికి,

బాగున్నావనుకుంటాను. బాగుండక ఏం, మార్పులు చేసేది మీరు, తిట్లు తినేది మేము. శనివారం మీరేదో రిలీజు చేశారట. ఈ పొద్దున్న వచ్చి చూస్తే 'సేవ్' బటను కుడివైపు నుంచి ఎడమవైపుకు కాపురం మార్చింది. దాని పాత చోట ఇప్పుడు 'రద్దు' కూర్చుంది. నా దగ్గర పనిచేసే నలుగురూ మధ్యాహ్నం దాకా కష్టపడి ఎక్కించినవన్నీ అంతే కష్టపడి రద్దు చేసుకున్నారు. పెద్దగొంతు అని పిలుస్తామే, ఆవిడ అరుపుకు బయట కుర్చీల్లో ఉన్నవాళ్ళు లేచి నిలబడ్డారు.

ఆఫీసు మెయిల్లో రాయకుండా కాగితం మీద ఎందుకు రాస్తున్నానంటే, మన మెయిళ్ళూ చాట్లూ ఆడిట్ వాళ్ళు చదువుతారని నువ్వే చెప్పావు. ఫోను చేద్దామంటే ఎప్పుడూ మీటింగులోనే ఉంటావు. ఉత్తరమైతే మీటింగులో బల్ల కింద పెట్టుకుని చదువుకోవచ్చు.

అసలు సంగతి బటను కాదు. మనం ఇళ్ళకు అద్దెకిచ్చేది మంచాలూ చక్రాల కుర్చీలూ మాత్రమే అయితే నేనింత గోల పెట్టను. ఊపిరి మిషన్లు కూడా ఇస్తాం. మిషను మొరాయిస్తే మెకానిక్కు వెంటనే ఆ ఇంటికి వెళ్ళాలి. మీ సాఫ్ట్‌వేర్ ఒకే మెకానిక్కును ఒకే సమయానికి రెండిళ్ళకు పంపిస్తోంది. నేను బుక్ చేసింది నా తెర మీద ఉంటుంది, పక్క బ్రాంచి డెస్కు బుక్ చేసింది వాళ్ళ తెర మీద ఉంటుంది, ఆ మనిషి మాత్రం ఒక్కడే. రెండో ఇంటివాళ్ళు తలుపు తీసుకుని ఎదురుచూస్తారు. చూసి చూసి ఫోను చేసేది నీకు కాదు, నాకు. దీన్ని బాగుచేయమని అడిగి అడిగి నా నోరు అరిగిపోయింది.

మీ అన్నయ్య కులాసా. ప్రెస్సు మూతపడ్డాక ఖాళీగా కూర్చోలేక వంట మొదలుపెట్టారు. మొన్న కూర మాడ్చి, తప్పు గిన్నెదేనని చాలాసేపు నిరూపించారు. ఇల్లు నా జీతం మీద నడుస్తోందని ఆయన చిన్నబుచ్చుకుంటారేమో అని భయపడ్డాను. అదేం లేదు, నిశ్చింతగా ఉన్నారు. ఆ నిశ్చింత అలాగే ఉండాలని నా కోరిక.

మెకానిక్కు సంగతి చూడు.

మీ వదిన


హెడ్డాఫీసు, లిఫ్టు పక్క గది
గురువారం

వదినకు,

నీ ఉత్తరం నిజంగానే మీటింగులో బల్ల కింద చదివాను. నవ్వొచ్చి, దాన్ని దగ్గులా మార్చాల్సి వచ్చింది. డైరెక్టరు గారు పాపం మంచినీళ్ళు తెప్పించారు.

బటను మార్చింది నేను కాదు. నేనిక్కడ ఏదీ మార్చను. మార్చేవాళ్ళను ఆపడమే నా ఉద్యోగం. ఈ సాఫ్ట్‌వేర్ మన సొంతం కాదు, ఇంటర్నెట్ మీద అద్దెకు తీసుకున్నది. దాన్ని మన వ్యాపారానికి తగ్గట్టు సర్దడానికి ఇక్కడ బిల్లింగు, స్టాకు, మెకానిక్కుల విజిట్లు అని మూడు టీములున్నాయి. ప్రతి టీముకూ ఆ సాఫ్ట్‌వేర్ నకలు ఒకటి ఇస్తాం. అందులో వాళ్ళు ఏ గోడైనా పగలగొట్టుకోవచ్చు. చివర్లో మూడు నకళ్ళలోని మార్పులూ ఒకదాన్నొకటి చెరిపేయకుండా కలిపి, పరీక్షించి, మీరంతా పనిచేసే అసలు దాంట్లోకి పంపాలి. అదే రిలీజు. ఏది వెళ్ళాలో ఏది ఆగాలో చెప్పేది నేను. అందుకని నాకు చెక్‌పోస్టు అని పేరు పెట్టారు. ఇదివరకు చాటుగా అనేవాళ్ళు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు.

బటను మారుతుందని నేను నోట్సులో రాశాను వదినా. ప్రతి రిలీజుకూ ఏమేం మారుతున్నాయో వరసగా రాసి అన్ని బ్రాంచీలకూ పంపుతాను. ఒక్కరూ చదవరు. అనుమానమొచ్చి పోయినసారి మధ్యలో ఒక అంశంగా 'కాంటీనులో నా నల్ల గొడుగు పోయింది, దొరికినవారు ఇవ్వగలరు' అని రాశాను. మూడు టీముల లీడర్లూ డైరెక్టరు గారూ దాన్ని ఆమోదించారు. గొడుగు మాత్రం రాలేదు.

నీ మెకానిక్కు గొడవ విజిట్ల టీము లీడరుకు చెప్పాను. ఆయన్ని మేం నిట్టూర్పు అంటాం. నేను చెప్పిందంతా విని పెద్దది ఒకటి వదిలి, 'పెడదాం లెండి, వచ్చే రిలీజులో' అన్నాడు. ఆయన నిట్టూర్చాడంటే పని అయినట్టే. కాకపోతే ఒక నియమం ఉంది. మార్పు అడిగినవాళ్ళు నోట్సు చదివి, పరీక్ష నకల్లో వాడి చూసి, 'మాకు సమ్మతమే' అని సైన్-ఆఫ్ ఇవ్వాలి. అడిగింది నువ్వు కాబట్టి ఇవ్వాల్సింది నువ్వే. ఆ ఒక్కటి లేకుండా నేను గేటు ఎత్తను, అది డైరెక్టరు అడిగినా సరే.

అన్నయ్యను ఆ గిన్నెకు క్షమాపణ చెప్పమను.

నీ మరదలు


ఇల్లు, వంటగది బల్ల
ఆదివారం

మరదలికి,

వచ్చే రిలీజులో అన్నావని చెప్పగానే పెద్దగొంతు చప్పట్లు కొట్టింది. నిదానం అని మేం పిలిచే అమ్మాయి మాత్రం 'ఏ సంవత్సరం రిలీజులో మేడమ్?' అంది. ఆ పిల్ల రోజుకు నాలుగు మాటలే మాట్లాడుతుంది, ఆ నాలుగూ తగిలేలా మాట్లాడుతుంది. మిగతా ఇద్దరూ ఎప్పట్లాగే ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని నవ్వారు. వాళ్ళను కవలలంటాం. చుట్టరికమేమీ లేదు, కలిసి వస్తారు, కలిసి పోతారు, సెలవు కూడా కలిసే పెడతారు.

సైన్-ఆఫ్ నా చేతిలో ఉందని తెలిసి మా బ్రాంచి మేనేజరుకు కొంచెం కాలింది. 'అక్కడ మీ ఆడపడుచు ఉంది కదండీ, మీకేం' అన్నాడు. 'ఉంది, అందుకే ఇన్నాళ్ళు పట్టింది' అన్నాను.

నిజం చెప్పనా? చేరిన కొత్తలో ఫోను మోగితే నాకు గుండె దడ. ఎత్తగానే అవతల ఎవరో ఏడుస్తూ ఉంటారు, మిషను ఆగిందంటారు, నేను ఏం చెప్పాలో తెలియక పక్కవాళ్ళ వైపు చూసేదాన్ని. ఇప్పుడు ఆ ఫోను మోగకపోతే ఏదో వెలితిగా ఉంటుంది. ఈ బల్ల నాకు ఇష్టం. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. మీ అన్నయ్య ప్రెస్సు గురించి చెప్పేటప్పుడు ఆయన మొహంలో ఉండే వెలుగు, డెస్కు గురించి చెప్పేటప్పుడు నా మొహంలో ఉంటుందట. ఆయనే అన్నారు, మాడిన కూర వడ్డిస్తూ.

తారీఖు ఖాయం చేసి చెప్పు. నోట్సు పంపు. చదువుతానో లేదో హామీ ఇవ్వలేను.

వదిన


హెడ్డాఫీసు, లిఫ్టు పక్క గది
మంగళవారం
(రాసి, కవరులో పెట్టనిది)

వదినా,

ఇది నీకు పంపను. రాయకపోతే మాత్రం పిచ్చెక్కేలా ఉంది.

నిట్టూర్పు చేసిన మార్పు ఇవాళ నా దగ్గరికి వచ్చింది. చక్కగా చేశాడు. ఇకమీద అన్ని బ్రాంచీల విజిట్లూ ఒకే వరసలో పడతాయి. సాఫ్ట్‌వేరే చూసి దగ్గర్లో ఖాళీగా ఉన్న మెకానిక్కును పంపుతుంది. ఒకే మనిషి రెండిళ్ళకు వెళ్ళడమనేది ఉండదు. కింద ఇంకో అంశం ఉంది: బ్రాంచి సర్వీసు డెస్కుల ఖాతాలు మూసివేయబడును.

పొరపాటున పడిందేమో అనుకుని అడిగాను. 'మీకు తెలీదా?' అన్నాడు. 'డెస్కులు తీసేస్తున్నారండి. రిలీజయ్యాక మనుషులకు చెబుతారట. ముందు సాఫ్ట్‌వేర్ సిద్ధం కావాలి కదా.' ఈసారి ఆయన నిట్టూర్చలేదు కూడా. కాసేపటికి డైరెక్టరు గారు పిలిచి, ఈ సంగతి బయటికి పొక్కితే ఉద్యోగం పోతుందన్న కాగితం మీద సంతకం చేయించుకున్నారు. మా వదిన ఒక డెస్కు చూస్తుందండీ అన్నాను. 'అందుకే సంతకం' అన్నారు.

రెండింటినీ విడదీయమని నిట్టూర్పును బతిమాలాను. మెకానిక్కు మార్పు వెళ్ళనీ, డెస్కు మార్పు ఆపు అన్నాను. ఆయన తెర మీద గీసి చూపించాడు. డెస్కుకో వరస ఉన్నంతకాలం డబుల్ బుకింగు పోదు. వరసలు పోతే డెస్కులకు పని లేదు. రెండు మార్పులు కావవి, ఒక్కటే. ఇన్నాళ్ళూ నువ్వు మొత్తుకున్న రోగం నీ డెస్కేనని తేలింది వదినా, మందు అడిగింది కూడా నువ్వే.

చెబితే నా ఉద్యోగం పోతుంది, నీదెలాగూ పోతుంది. అప్పుడు అన్నయ్య గిన్నెలు మాడ్చడానికి కూడా ఏమీ ఉండదు. అందుకని చెప్పను. నోట్సులో మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను. అది రాయవద్దని ఎవరూ అనలేదు, ఎవరూ చదవరు కాబట్టి. నువ్వు చదివి సైన్-ఆఫ్ ఆపితే ఆపినట్టు. చదవకపోతే నేనే ఎన్నాళ్ళు ఆపగలనో అన్నాళ్ళు ఆపుతాను. చెక్‌పోస్టు అని ఊరికే పేరు రాలేదు.


హెడ్డాఫీసు, లిఫ్టు పక్క గది
మంగళవారం

వదినకు,

అంతా క్షేమం. ఇక్కడ ఎండలు బాగా ముదిరాయి. రిలీజు ఈ శనివారం ఉండదు. బిల్లింగు టీము పరీక్ష ఒకటి సరిగ్గా కాలేదు, మళ్ళీ మొదటినుంచి చేయమన్నాను. తొందరేముంది, పని పద్ధతిగా జరగాలి కదా.

నోట్సు ఇవాళే నీకు పంపాను. కాస్త పొడుగ్గా ఉంటాయి. తీరిగ్గా ఒక్కో అంశమూ చదువు. నచ్చనిది ఉంటే సైన్-ఆఫ్ ఇవ్వకు, నిన్నెవరూ ఏమీ అనరు.

అన్నట్టు, నువ్వు ఎప్పుడైనా వేరే ఉద్యోగం గురించి ఆలోచించావా? ఏం లేదు, ఊరికే అడుగుతున్నాను. ఒకే చోట ఎక్కువకాలం ఉంటే విసుగు పుడుతుందని ఎక్కడో చదివాను.

ఎండల్లో జాగ్రత్త.

మరదలు


సర్వీసు డెస్కు
శనివారం

మరదలికి,

ఎండల గురించి నువ్వు రాసిన మొదటి ఉత్తరం ఇదే. ఒంట్లో బాగానే ఉందా?

నోట్సు అందాయి. అంత పొడుగు కాగితాలు చదివే ఓపిక ఎవరికుంది తల్లీ. విసుగు గురించి కూడా ఎక్కడో చదివావట, నాకు విసుగు పుట్టే తీరిక కూడా లేదని ఈ వారం తెలిసింది.

సంగీతం టీచరు ఉన్నారు కదా, ఇదివరకు రాశానో లేదో. బడిలో పాటలు నేర్పి రిటైరయిన ఆవిడ, ఇప్పుడు మన మిషను లేకపోతే రెండు మెట్లు ఎక్కలేరు. గురువారం ఆవిడ మిషను ఆగింది. మెకానిక్కును బుక్ చేశాను. అతను పక్క బ్రాంచివాళ్ళ బుకింగు మీద ఊరి అవతల ఇంకో ఇంట్లో ఉన్నాడు. టీచరు గారి కూతురు ఫోను పెట్టనివ్వలేదు. అమ్మ దగ్గర రిసీవరు పెట్టి, 'మీరే మాట్లాడండి, మీ గొంతు వింటే కుదుటపడుతుంది' అంది. నేను మాట్లాడుతూనే ఉన్నాను. అవతల నుంచి మాట లేదు, ఊపిరి చప్పుడే. చివరికి ఫోను నిదానం చేతికిచ్చి, స్టాకు వ్యాను ఎక్కి సిలిండరు నేనే తీసుకుపోయాను. ఆవిడ నన్ను చూసి నవ్వబోయి దగ్గారు. వ్యానులో తిరిగొస్తూ ఏడ్చాను. డ్రైవరు మర్యాదస్తుడు, హారను కొడుతూ కూర్చున్నాడు.

మీ పద్ధతి మంచిదే. ఆ పద్ధతి కొంచెం గబగబా నడిస్తే ఇంకా మంచిది.

ఇక్కడ ఫోన్లు తగ్గిన పూట మా నలుగురిని ఊరికే కూర్చోనివ్వడం లేదు. పెద్దగొంతును బిల్లింగు సెక్షనుకు, కవలల్ని స్టాకుకు, పని నేర్చుకోమని పంపుతున్నాను. నేర్చుకుంటే పోయేదేముంది. నిదానం మాత్రం కదలనంటోంది.

రిలీజు ఎప్పుడు?

వదిన


హెడ్డాఫీసు, లిఫ్టు పక్క గది
శుక్రవారం

వదినకు,

సంగీతం టీచరు గారి సంగతి చదివాక అన్నం సయించలేదు. ఆవిడ ఎలా ఉన్నారో వెంటనే రాయి.

రిలీజు ఈ వారం కూడా లేదు. స్టాకు టీము ఆమోదంలో తారీఖు పడలేదు, వెనక్కి పంపాను. తారీఖు వేసి పంపితే సంతకం పక్కన హోదా లేదని మళ్ళీ పంపాను. నన్ను చూసి నాకే భయం వేస్తోంది. విడ్డూరం ఏమిటంటే, ఇన్నేళ్ళుగా నేను పట్టుబట్టిన నియమాలన్నీ నస అన్నవాళ్ళు ఇప్పుడు వాటిని క్రమశిక్షణ అంటున్నారు. సోమవారం అందరి ముందూ డైరెక్టరు గారు నన్ను మెచ్చుకున్నారు. 'తొందరపాటు లేని మనిషి అంటే ఈవిడండీ, చూసి నేర్చుకోండి' అన్నారు. నాకు పూలగుత్తి కూడా ఇచ్చారు. దాన్ని నిట్టూర్పు బల్ల మీద పెట్టేసి వచ్చాను.

వదినా, ఒక్క మాట విను. నోట్సు చదవకుండా సంతకం పెట్టకు. అంతకంటే విడమరిచి చెప్పలేను. ఆ అంశాల్లో ఒకటి నీకు నచ్చదు. నచ్చలేదని ఒక ముక్క రాస్తే చాలు, నేను దాన్ని పట్టుకుని నెలల తరబడి గేటు వేసి కూర్చుంటాను.

నలుగురికీ పని నేర్పిస్తున్నావు, మంచిది. మరి నువ్వు?

మరదలు


సర్వీసు డెస్కు
బుధవారం

హెడ్డాఫీసు రిలీజు కోఆర్డినేటరు గారికి,

నమస్కారాలతో వ్రాయునది. విజిట్ల మార్పు పదేపదే వాయిదా పడుతున్నందున మా బ్రాంచి పరిధిలోని రోగులకు కలుగుతున్న ఇబ్బందిని వివరిస్తూ ఈ రోజు డైరెక్టరు గారికి ఫిర్యాదు పంపడమైనది. దాని ప్రతి తమకు జతపరచడమైనది. నిన్న సాయంత్రం సంగీతం టీచరు గారి మిషను మరల ఆగినది, మెకానిక్కు మరల వేరే ఇంట ఉన్నాడు, ఆవిడను ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినది. ప్రస్తుతం కులాసా.

మార్పును పరీక్ష నకల్లో వాడి చూశాను. సరిగ్గా పనిచేస్తున్నది. సైన్-ఆఫ్ ఈ రోజే ఇచ్చాను. మా వైపు నుండి ఏ అంశం మీదా అభ్యంతరం లేదు. తమరు ఇకనైనా గేటు ఎత్తగలరు.

ఇట్లు,
సర్వీసు డెస్కు బాధ్యురాలు

రాత్రి ఇంట్లో మీ అన్నయ్య ఫిర్యాదు చిత్తు చూసి 'సొంత ఆడపడుచు మీద ఫిర్యాదా?' అన్నారు. అవునన్నాను. ఆయన అప్పటి నుంచి నాతో తక్కువ మాట్లాడుతున్నారు, వంట మాత్రం బాగుపడింది.


హెడ్డాఫీసు, లిఫ్టు పక్క గది
శుక్రవారం

బాధ్యురాలు గారికి,

ఫిర్యాదు అందినది. డైరెక్టరు గారు మెచ్చుకున్న నోటితోనే నన్ను గంటసేపు కడిగేశారు. నా వైపు చెప్పుకోవడానికి ఒక్క ముక్క కూడా లేదు. ఉన్న ముక్క చెప్పకూడనిది.

రేపు శనివారం రిలీజు. గేటు ఎత్తేస్తున్నాను.

నీకు కోపం వచ్చిందని తెలుసు వదినా. నాకూ వచ్చింది. చదవమని ఎన్నిసార్లు చెప్పాను? కాళ్ళు పట్టుకుని అడిగినట్టు అడిగాను. సోమవారం పొద్దున్న నీకు నా మీద అసలు కోపం వస్తుంది. అప్పుడు ఫోను చెయ్యి. మీటింగులో ఉన్నా ఎత్తుతాను, ఆడిట్ వాళ్ళు విన్నా సరే.

టీచరు గారు కులాసా అన్న మాట నిజమే కదా?

మరదలు


ఇల్లు, వంటగది బల్ల
మంగళవారం

నా పిచ్చి మరదలికి,

ఫోను చేస్తే ఇద్దరం ఏడుస్తాం. అందుకని రాస్తున్నాను.

చదివాను. నువ్వు పంపిన రోజే చదివాను. చదివే ఓపిక ఎవరికుందని రాశానే, అప్పటికే ఆ అంశం నాకు కంఠతా వచ్చేసింది. బ్రాంచి సర్వీసు డెస్కుల ఖాతాలు మూసివేయబడును. నువ్వు ఎండల గురించి రాసినప్పుడే తెలిసిపోయింది, అది నీకూ తెలుసని. చెబితే నీ ఉద్యోగానికి ముప్పు అని కూడా ఊహించాను. అందుకే తెలియనట్టు రాశాను. మన ఇద్దరిలో ఒకరైనా తన బల్ల దగ్గర మిగలాలి కదా.

మొదట నేనూ ఆపుదామనే అనుకున్నాను. అబద్ధం ఎందుకు, రెండు రాత్రులు నిద్ర లేదు. అభ్యంతరమని ఒక్క ముక్క రాస్తే నెలల తరబడి జీతం వస్తుంది. మీ అన్నయ్యతో అన్నాను. 'నీ ఇష్టం' అన్నారు, అని మళ్ళీ వంటగదిలోకి వెళ్ళిపోయారు. ఇంతలో టీచరు గారి ఫోను వచ్చింది. ఆ ఊపిరి చప్పుడు వింటూ, నా డెస్కును కాపాడుకోవడానికి ఈవిడను ఇలా ఎన్నాళ్ళు కూర్చోబెట్టను అనిపించింది. మార్పు రెండు ముక్కలు కాదని పరీక్ష నకల్లో చూసి నాకే అర్థమైంది. నేనడిగింది మంచి మార్పే. దానికి నేను అడ్డమైతే తప్పుకోవాల్సింది నేనే.

నువ్వు ఆపుతున్నావని తెలిసి మురిసిపోయాను కూడా. తిట్టింది మనస్ఫూర్తిగానే తిట్టాను, అది వేరే సంగతి. నువ్వు ఆపినన్ని రోజులూ టీచరు గారు ఎదురుచూశారు.

సోమవారం మేనేజరు వచ్చి అందరినీ కూర్చోబెట్టి, గొంతు సవరించుకుని, చెప్పడానికి బాధగా ఉందన్నాడు. పెద్దగొంతుకు బిల్లింగులోనూ, కవలలకు స్టాకులోనూ అప్పటికే చోటు ఖాయమైంది కాబట్టి ఆయన బాధ సగం వృథా అయింది. నిదానం 'నేను ముందే అడిగాను కదా మేడమ్, ఏ సంవత్సరమని. వచ్చే సంవత్సరమైతే బాగుండేది' అంది, అని నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. తనకూ వెతుకుతున్నాను. నాకంటావా, నేను దరఖాస్తు పెట్టలేదు. నలుగురివీ నడుపుతూ నాది పెట్టడం మరిచిపోయానని చెబితే నమ్ముతావా? నమ్మకు. ఈ బల్ల వదిలి ఇంకో బల్ల దగ్గర కూర్చోవడానికి మనసు రాలేదు, అంతే. వస్తుందిలే.

ఇక నీ నిర్వాకం. అందరి ఖాతాలూ శనివారం మూసుకున్నాయి, నాది మాత్రం తెరుచుకుంటోంది. పాస్‌వర్డు కొట్టగానే 'స్వాగతం' అంటోంది. ఇది నీ పనే. ముచ్చటగానే ఉంది, కానీ నిన్న ఏమైందో తెలుసా? ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన టీచరు గారి ఇంటి విజిటు కొత్త వరసలో పడకుండా, ఖాతా తెరిచి ఉందని పాత అలవాటు కొద్దీ నా తెర మీద పడింది. నేను ఉన్నాను కాబట్టి ఫోను చేసి మెకానిక్కును పంపించాను. శుక్రవారం మధ్యాహ్నం నుంచి నేను ఉండను. అప్పుడు పడితే ఎవరికీ కనబడదు, ఆవిడ తలుపు తీసుకుని కూర్చుంటారు.

తీసెయ్. నీ చేత్తోనే తీసెయ్. నాకేం కాదు.

మీ అన్నయ్య నీకు చెప్పమన్నారు, ఈ రోజు కూర మాడలేదట. తిన్నాను, నిజమే.

వదిన


హెడ్డాఫీసు, లిఫ్టు పక్క గది
శుక్రవారం సాయంత్రం

వదినా,

నీ ఉత్తరం నిన్ననే వచ్చింది. నిన్నంతా దాన్ని సంచిలో పెట్టుకుని తిరిగాను.

ఇవాళ రిలీజు సమీక్ష జరిగింది. నేను చేరాక ఒక్క తప్పూ లేకుండా వెళ్ళిన మొట్టమొదటి రిలీజు ఇదేనని డైరెక్టరు గారు చెప్పారు. డబుల్ బుకింగులు లేవు. మీ దిక్కు ఇళ్ళకు మెకానిక్కులు వేళకు వెళ్తున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నిట్టూర్పు నా వైపు చూసి తల దించుకున్నాడు. నేనూ చప్పట్లు కొట్టాను వదినా. నువ్వడిగిన మార్పు కదా.

తర్వాత గదికొచ్చి తలుపు వేసుకుని నీ ఖాతా తెరిచాను. నీ పేరూ, పక్కన నువ్వు చేరిన రోజు దిగిన ఆ బెదురు మొహం ఫోటోనూ ఉన్నాయి. కింద బటను. శనివారం మిగతావన్నీ గంపగుత్తగా పోయాయి, దీన్ని మాత్రం నేనే మినహాయించాను. బటను దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కొచ్చాను. ఇంతలో నీ వరసలో కొత్త విజిటు ఒకటి వచ్చి పడింది. ఎవరిదో తెలియని ఇల్లు. నువ్వు అప్పటికే బల్ల ఖాళీ చేసి వెళ్ళిపోయి ఉంటావు. ఆ ఇంటిని కొత్త వరసలోకి పంపి, మెకానిక్కు బయల్దేరాడని చూసుకుని, అప్పుడు బటను నొక్కాను.

తెర మీద 'ఖాతా మూసివేయబడినది, సంబంధిత ఉద్యోగికి మెయిలు ద్వారా తెలియజేయడమైనది' అని వచ్చింది. నీ మెయిలు మధ్యాహ్నమే మూసేశారు. ఆ కబురు ఎవరికీ చేరదు. అందుకని నేను రాస్తున్నాను.

మరదలు